క్వారీ అంచు వెనుక నెర్రెలు: రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు కదిలితే పని ఆపాలి?

లెవెల్ బుడగ

అనకాపల్లి వైపు కొండల్లో ఒక కంకర క్వారీలో సర్వే పని చూస్తున్నాను. పై రెండు బెంచీలు, అంటే మెట్లుగా తవ్విన అంచెలు, శిథిలమై ఎర్రబడిన ఖొండలైటు అనే రాతిలో ఉన్నాయి. కిందిదంతా నల్లరాయి, అంటే చార్నొకైటు. మొన్నటి ముసురు తరువాత పై బెంచి అంచుకు నాలుగైదు మీటర్లు వెనుకగా, అంచుకు సమాంతరంగా నెర్రెలు విచ్చాయి. ఒకచోట వేలు దూరుతోంది. ఫేస్ మీద, అంటే తవ్విన గోడ మీద, కాంతిని తిప్పి పంపే ప్రిజమ్‌లు బిగించి ప్రతి సోమవారం కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్‌తో కొలుస్తున్నాను. యాజమాన్యం మాత్రం ఎన్ని మిల్లీమీటర్ల వరకు కదిలినా పని కొనసాగించవచ్చో ఒక అంకె రాసి ఇమ్మంటోంది. గోడ కదలికను పట్టే రాడార్ అమ్మేవారు ఒకరు వచ్చి, అది పెట్టుకుంటే ఈ ప్రశ్నే పుట్టదని చెప్పి వెళ్లారు. మీలో ఎవరైనా అటువంటి అంకెను వాడుతున్నారా? వాడుతుంటే దాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు?

ఎండాడ

పదహారు అని రాసి ఇవ్వండి. అంకె అడిగేవారు అది మిల్లీమీటర్లా సెంటీమీటర్లా అని అడగగా నేను ఇంతవరకు చూడలేదు.

బొగ్గుబాయి పాతకాపు

సింగరేణి ఓపెన్ కాస్టుల్లో ఉద్యోగకాలమంతా గడిపి ఇప్పుడు గాజువాకలో స్థిరపడిన మనిషిగా చెబుతున్నాను: అందరికీ పనికివచ్చే అంకె లేదు. ఒక ఓబీ డంపు, అంటే బొగ్గు మీది నుంచి తీసిన మట్టి గుట్ట, నెలల తరబడి రోజుకు కొన్ని సెంటీమీటర్లు జారుతూ కూడా కూలకుండా నిలబడవచ్చు, ఒక గట్టి రాతి గోడ మొత్తం మీద కొన్ని మిల్లీమీటర్లు కదిలి ఒక్కసారిగా ఊడిపడవచ్చు. చూడవలసింది ఎంత కదిలిందని కాదు, ఆ కదలిక వేగం పెరుగుతోందా తగ్గుతోందా అని. బ్లాస్టింగు జరిగిన రోజునో, కింద మట్టి తవ్విన రోజునో కాస్త కదిలి, తరువాత రోజురోజుకూ నెమ్మదిస్తే ఆ ఫేస్ సర్దుకుంటోందని అర్థం. వాన లేదు, బ్లాస్టింగు లేదు, అయినా నిన్నటి కంటే ఈరోజు, ఈరోజు కంటే రేపు ఎక్కువ కదులుతుంటే అది కూలే దారిలో ఉన్నట్లే.

అందువల్ల నన్ను కలవరపెడుతున్నది మీ యాజమాన్యం అడిగే అంకె కంటే మీ సోమవారం. ఎర్రమట్టి ఫేస్ మంగళవారం వేగం అందుకుని శనివారం పడిపోవచ్చు. అప్పుడు మీ దగ్గర ఉండేది పడక ముందు ఒక కొలత, పడిన తరువాత ఒక కొలత.

విలోమం

పాతకాపు గారు చెప్పినదాన్ని కాగితం మీద పెట్టే పద్ధతి ఒకటి ఉంది. కృత్రిమ వర్షంతో వాలుల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా జపాన్‌లో ఫుకుజోనో 1985లో దానిని ప్రతిపాదించాడు. వేగాన్ని కాకుండా వేగపు విలోమాన్ని, అంటే ఒకటిని వేగంతో భాగించగా వచ్చినదాన్ని, కాలానికి ఎదురుగా గీయాలి. ఉదాహరణకు ఒక ప్రిజమ్ వరుసగా నాలుగు రోజులు 2, 2.5, 3.3, 5 మి.మీ. చొప్పున కదిలిందనుకుందాం. అంకెలు చూస్తే భయం వేయదు. విలోమాలు మాత్రం 0.5, 0.4, 0.3, 0.2 అవుతాయి. గీత తిన్నగా దిగుతోంది, రోజుకు 0.1 చొప్పున. దాన్ని అలాగే పొడిగిస్తే నాలుగో రోజు తరువాత రెండు రోజులకు సున్నాను తాకుతుంది. అది కూలే రోజుకు అంచనా.

ఈ సూత్రం రాకముందే, 1969లో చిలీలోని చుకికమాటా రాగి గనిలో కదలిక గ్రాఫును ముందుకు పొడిగించి, గోడ ఫిబ్రవరి 18న పడుతుందని కొన్ని వారాల ముందుగానే అంచనా వేశారు. సరిగ్గా ఆ రోజే పడింది.

లెవెల్ బుడగ

విలోమం గారూ, చిక్కు అక్కడే ఉంది. నా కొలతలు అంత నునుపుగా రావడం లేదు. ఒక వారం 4 మి.మీ. ముందుకు వచ్చిన ప్రిజమ్, మరుసటి వారం 3 మి.మీ. వెనక్కి పోయినట్లు చూపిస్తుంది. కొండ వెనక్కి నడవదు కదా.

మూడుకాళ్ల స్టాండు

కొండ నడవదు, మీ స్టేషన్ నడుస్తుండవచ్చు. మీ పరికరాన్ని ఎక్కడ నిలబెడుతున్నారు? ఎదుటి బెంచి మీద స్టాండు వేసి, డంపర్ల రాకపోకల మధ్య కొలుస్తుంటే ఆ అంకెలను నమ్మవలసిన పని లేదు. తవ్వకానికి దూరంగా గట్టి రాతి మీద కాంక్రీటు దిమ్మె కట్టించి, ప్రతిసారీ అక్కడే బిగించండి. కదలవని ఖాయంగా తెలిసిన చోట్ల, వీలైతే వేరే కొండ మీద, కనీసం రెండు రిఫరెన్స్ ప్రిజమ్‌లు పెట్టి, ముందు వాటిని కొలిచిన తరువాతే ఫేస్ వైపు తిప్పండి. అవి కదిలినట్లు చూపిస్తే ఆ రోజు కొలతలన్నీ అనుమానించవలసినవే.

ఇక కోణం సంగతి. ఒక సెకను (డిగ్రీలో 3600వ వంతు) కోణంలో తేడా వస్తే 500 మీటర్ల దూరంలో అది దాదాపు 2.4 మి.మీ. అవుతుంది. ఉష్ణోగ్రతను సరిగా నమోదు చేయకపోతే డిగ్రీకి పది లక్షల్లో ఒక వంతు చొప్పున దూరం తప్పుతుంది. ఉదయం నింపిన 26 డిగ్రీలతోనే మధ్యాహ్నం 36 డిగ్రీల ఎండలో కొలిస్తే 500 మీటర్లకు 5 మి.మీ. పోయినట్లే. మన విశాఖ ఎండలో, సముద్రం మీది ఉక్క తోడై, రాతి ముఖం మీద గాలి ఆవిరిలా ఆడుతుంటే క్రాస్ హెయిర్ ప్రిజమ్ మీద నిలవనే నిలవదు. తెల్లవారగానే, ఎండ ఫేస్ మీద పడక ముందే కొలవండి. రోజూ అదే వేళకు కొలవండి.

ప్రిజమ్‌లను దేనికి బిగించారో కూడా చెప్పండి. వదులుగా ఉన్న బండకు బిగిస్తే మీరు కొలిచేది ఆ బండ దొర్లుడే. మట్టి బెంచీలో మీటరుకు తక్కువ కాకుండా ఇనుప కడ్డీని దింపి, గ్రౌటు, అంటే పలుచటి సిమెంటు, పోసి, దాని తలకు ప్రిజమ్ బిగించాలి.

ఎండాడ

మేకల సంగతి మరిచారు. మా దగ్గర ఒక ప్రిజమ్ రాత్రికి రాత్రి 11 సెంటీమీటర్లు పక్కకు జరిగిందని అలారం మోగించి అందరినీ బయటకు పంపిన తరువాత, కడ్డీకి అంటిన వెంట్రుకలు దొరికాయి.

మూడుకాళ్ల స్టాండు

అందుకే ఒకే ప్రిజమ్ మాట వినకూడదు. పక్కపక్క ప్రిజమ్‌లు రెండు మూడు ఒకే దిశలో కదిలితేనే అది కొండ మాట. అయితే పని ఆపి మనుషులను బయటకు పంపింది మాత్రం సరైన పనే, కారణం తరువాత వెతుక్కోవచ్చు.

శిథిల శిల

నేను ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూవిజ్ఞానం చదువుకున్నవాడిని, విలోమం గారితో కొంత విభేదిస్తాను. ఆ గీత మట్టిలోనూ, బాగా చితికిన రాతిలోనూ పనిచేస్తుంది. లెవెల్ బుడగ గారి క్వారీలో రెండు వేర్వేరు సమస్యలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

పైన ఖొండలైటు. తూర్పు కనుమల్లో ఈ రాయి శిథిలమైనప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ తెల్లటి సుద్దమట్టిగా మారుతుంది, గార్నెట్ల ఇనుము తుప్పు పట్టి ఎర్రదనం తెస్తుంది. చూడటానికి అంతా మట్టిలా ఉన్నా పాత రాతి పొరలు, పాత పగుళ్లు అందులో అలాగే ఉంటాయి, వాటి మీద నున్నటి బంకమట్టి పూత ఉంటుంది. నీరు చేరితే జారేది ఆ పూతల మీదనే. ఈ భాగం ముందుగా నెర్రెలిచ్చి, నెమ్మదిగా కదిలి, హెచ్చరించి పడుతుంది. ఇక్కడ విలోమ గీత గీయండి, నేను కాదనను.

కింది చార్నొకైటు మాత్రం అలా హెచ్చరించదు. రెండు జాయింట్లు, అంటే రాతిలోని సహజ పగుళ్లు, కలిసే చోట ఏర్పడిన చీలిక ఆకారపు దిమ్మె, ఆ రెండు తలాలు కలిసే గీత ఫేస్ వైపు వాలి ఉంటే, పెద్దగా కదలకుండానే ఊడిపడుతుంది. అక్కడ ప్రిజమ్ కంటే క్లినోమీటర్ కంపాస్ ఎక్కువ పనిచేస్తుంది. ప్రతి బ్లాస్టింగు తరువాత బయటపడిన కొత్త ఫేస్ మీద జాయింట్ల వాలు, దిశ కొలిచి రాసుకోండి. పైన నెర్రెలు కనిపిస్తున్నాయి కాబట్టి అందరూ పైకే చూస్తున్నారు. మనుషులు, పొక్లెయిన్లు నిలబడేది కింద.

విలోమం

గట్టి రాయి విషయంలో మీరు చెప్పినది నిజం. నేను కూడా ఒక హద్దు చెప్పవలసింది. కొలతలోనే 2 మి.మీ. తేడా ఉన్నప్పుడు రోజుకు 2 మి.మీ. వేగానికి విలోమం గీస్తే ఆ గీతకు అర్థం ఉండదు. వేగం కొలత దోషాన్ని స్పష్టంగా దాటిన తరువాతే గీత మొదలుపెట్టాలి. నడుమ వాన పడితే గీత వంగిపోతుంది, అప్పుడు పాత తేదీని పట్టుకుని కూర్చోకూడదు.

నీటిమట్టం

ఇంత చర్చలో నీటి గురించి ఇంతవరకు ఒకటిన్నర వాక్యం. నెర్రెలో నీరు నిలిస్తే ఏమవుతుందో ఒక లెక్క చెబుతాను. నెర్రె 5 మీటర్ల లోతు ఉండి, వానకు నిండా నిండిందనుకోండి. ఆ నీరు అంచును బయటకు తోసే బలం ప్రతి మీటరు పొడవుకు దాదాపు పన్నెండున్నర టన్నుల బరువుకు సమానం. నెర్రె వెడల్పు ఎంతైనా ఈ బలం మారదు, వేలు దూరేంత సందు చాలు. లోతు రెట్టింపైతే బలం నాలుగింతలు.

అందువల్ల ప్రిజమ్‌ల కంటే ముందు నెర్రెలను బంకమట్టితో పూడ్చి దిమ్మిస చేయండి, వీలైతే టార్పాలిన్ కప్పండి. అంచుకు పైన కొండ మీది నుంచి వచ్చే నీరు నెర్రె దాకా రాకుండా గార్లాండ్ డ్రెయిన్ తవ్వించండి. క్వారీలోనే ఒక వర్షమాపకం పెట్టి, కదలికల పుస్తకంలో పక్క గడిలోనే వాన రాయండి. ఎందుకంటే అనకాపల్లిలో కురిసిన వాన మీ కొండ మీద కురవకపోవచ్చు. తరువాత ఒకటి రెండు పీజోమీటర్లు దింపితే లోపల నీరు ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. మనకు నైరుతి వానలతో సంవత్సరం ముగిసిపోదు, అక్టోబరు, నవంబరు వాయుగుండాలు మిగిలే ఉంటాయి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. అప్పటికే నేల తడిసి ఉంటుంది కాబట్టి ఆ వానలు మరింత ప్రమాదం.

మూడుకాళ్ల స్టాండు

పూడ్చేటప్పుడు కొలత కడ్డీలను కూడా పూడ్చేయకండి. ఇది చూసిన సంగతే.

ఆకాశదీపం

ఉపగ్రహాల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఐరోపా సెంటినెల్-1 ఉపగ్రహాల రాడార్ చిత్రాలు ఎవరికైనా ఉచితం. ఒక్కొక్క ఉపగ్రహం 12 రోజులకొకసారి అదే కక్ష్యకు వస్తుంది. వరుస చిత్రాల ఫేజ్ తేడాల నుంచి, అంటే తిరిగి వచ్చిన తరంగం దశలో తేడాల నుంచి, మిల్లీమీటర్ల స్థాయి కదలికలను రాబట్టవచ్చు. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే వెళ్లిన నాసా, ఇస్రోల ఉపగ్రహం నైసార్‌లో 24 సెంటీమీటర్ల తరంగంతో పనిచేసే ఎల్ బ్యాండ్ రాడార్ ఉంది కాబట్టి, సెంటినెల్ ఐదున్నర సెంటీమీటర్ల తరంగం ఆకుల దగ్గరే చెదిరిపోయే పొదల కొండల మీద కూడా అది నేలను చూడగలదు. పరికరం కొనకుండా, కొండ ఎక్కకుండా జరిగే పని.

బొగ్గుబాయి పాతకాపు

12 రోజులకొకసారి వచ్చేదానితో అలారం ఎలా మోగిస్తారండీ? నేను సోమవారం కొలతనే తప్పుపట్టాను.

ఆకాశదీపం

అలారానికని నేను అనలేదు. ఆ కొండ గత మూడు నాలుగేళ్లుగా కదులుతోందా, లేక ఈ వానకే మొదలైందా అన్నది ఈరోజు బిగించిన ప్రిజమ్ చెప్పలేదు, పాత చిత్రాలు చెప్పగలవు. ఎక్కడ ప్రిజమ్ బిగించాలో కూడా అవే చూపిస్తాయి. హద్దులు ఉన్నాయని ఒప్పుకుంటాను: ఉపగ్రహం వైపు తిరిగిన నిటారు గోడలు చిత్రంలో ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, రోజూ తవ్వే ఫేస్ మీద రెండు చిత్రాల మధ్య పోలికే మిగలదు, ఉత్తర దక్షిణ దిశల్లో జరిగే కదలిక దాదాపుగా కనిపించదు. పాత డంపులకూ, తవ్వని అంచు వెనుక నేలకూ ఇది చక్కగా సరిపోతుంది. ఈ సభ్యుడి నెర్రెలు ఉన్నది సరిగ్గా అక్కడే.

బొగ్గుబాయి పాతకాపు

చరిత్ర కోసమైతే ఒప్పుకుంటాను.

కేకే లైను

రాడార్ అమ్మేవారి మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి, పెద్ద గనుల్లో దాని తెర ముందు కూర్చునే మనిషిగా నేను చెబుతాను. రాడార్ గొప్ప పరికరమే. ప్రిజమ్ బిగించనక్కరలేదు, ఎదుట నిలబెడితే కొద్ది నిమిషాలకొకసారి గోడ మొత్తాన్ని తడిమి, మిల్లీమీటరు కంటే తక్కువ కదలికను కూడా రంగుల్లో చూపిస్తుంది, చీకటిలోనూ పనిచేస్తుంది. కానీ అది చూసేది తన వైపు వచ్చే కదలికనూ, తన నుంచి దూరంగా పోయే కదలికనూ మాత్రమే, అడ్డంగా జరిగేది దానికి తెలియదు. గాలిలో తేమ మారితే దొంగ కదలిక చూపిస్తుంది. గడ్డి మొలిచిన చోట పనికిరాదు. ధర కోట్లలో ఉంటుంది, ఒక కంకర క్వారీకి అది లెక్క కుదరదు.

2013 ఏప్రిల్ 10న అమెరికాలోని బింగమ్ కాన్యన్ రాగి గనిలో 14 కోట్ల టన్నులకు పైగా రాయి, మట్టి రెండు విడతలుగా, సుమారు గంటన్నర తేడాతో జారింది. నెలల ముందు నుంచి రాడార్లు, ప్రిజమ్‌లు, ఎక్స్‌టెన్సోమీటర్లు (పగుళ్లు విచ్చడాన్ని కొలిచేవి) దానిని పట్టి చూస్తూనే ఉన్నాయి, మనుషులను ముందుగానే తప్పించారు. ఒక్కరికీ గాయం కాలేదు. అయినా భారీ డంపర్లు, షవెళ్లు మట్టి కింద పోయాయి. ఎందుకంటే అది అనుకున్నదానికంటే చాలా దూరం పారింది. ఎప్పుడు పడుతుందో పరికరాలు చెప్పాయి, ఎంత దూరం వస్తుందో చెప్పలేదు. లెవెల్ బుడగ గారు కూడా ఆ అంచు పడితే మట్టి ఎక్కడి దాకా వస్తుందో ముందే గీసుకోవాలి.

శిథిల శిల

దీనికి ఎదురు ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియాలో, రాజమహల్ ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో జారిన మట్టి కింద 23 మంది పోయారు.

లెవెల్ బుడగ

ఇన్ని మాటల తరువాత పరికరం సంగతి స్పష్టమైంది, రాడార్ ఆలోచన వదిలేశాం. అయితే రోజూ కొండెక్కి టోటల్ స్టేషన్ బిగించడానికి నా దగ్గర మనుషులు లేరు. నెర్రెనే రోజూ కొలిచే చవక మార్గం చెప్పగలరా?

బొగ్గుబాయి పాతకాపు

నెర్రెకు అటొకటి ఇటొకటి ఇనుప కడ్డీలు దింపండి, తలల మీద పంచ్‌తో చుక్క కొట్టించండి. స్టీలు టేపుతో చుక్క నుంచి చుక్కకు కొలవాలి, గుడ్డ టేపు వద్దు, అది సాగుతుంది. కడ్డీలు రెండే కాకుండా నాలుగైదు జతలు ఉండాలి, ఎందుకంటే నెర్రె పొడవునా ఒకేలా తెరుచుకోదు. అడ్డంగా ఎంత విచ్చిందన్నదే కాదు, అంచు వైపు కడ్డీ ఎంత కిందకు దిగిందన్నది కూడా రాయాలి. అంచు వైపు భాగం దిగుతుంటే అడుగున జారే తలం తయారైందని అనుకోవచ్చు.

మరొక జాగ్రత్త. కొలిచే మనిషి అంచు వైపు కాలు పెట్టకూడదు. అటు కడ్డీకి తీగ కట్టి, దాన్ని వెనుక గట్టి నేల మీద పాతిన స్టాండు కప్పీ మీదుగా తెచ్చి, చివర బరువు వేలాడదీసి, పక్కన స్కేలు బిగిస్తే ఎక్స్‌టెన్సోమీటర్ తయారైనట్లే. బరువు ఎంత పైకి లేస్తే నెర్రె అంత విచ్చినట్లు. వాచ్‌మన్ కూడా చదివి రాయగలడు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, వాన పడుతుంటే గంటకొకసారి.

మూడుకాళ్ల స్టాండు

తీగకు గాలి తగలకుండా ప్లాస్టిక్ పైపులోంచి పోనివ్వండి. ఎండకు తీగ సాగే తేడాను తీసివేయడానికి, కదలని నేల మీదనే అదే పొడవు తీగ మరొకటి కట్టి పోల్చుకోండి.

కేకే లైను

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఆ వాచ్‌మన్ చదివిన అంకె ఎక్కువగా కనిపిస్తే పని ఆపే అధికారం ఎవరిది? రాత్రి పది గంటలకు మేనేజరు ఫోన్ ఎత్తకపోతే? బెంచీల గురించి మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ 1961లో 106వ నిబంధన ఉంది, గట్టి నేలలో బెంచి ఎత్తుకు 6 మీటర్ల హద్దు కూడా అందులోనే ఉంది. అది మేనేజరుకు తెలుసు. కింద లోడింగు చేయిస్తున్న మేట్‌కు కావలసింది మాత్రం, ఏ అంకె దగ్గర ఎవరినీ అడగకుండా మనుషులను బయటకు పంపవచ్చో రాసి, మేనేజరు సంతకం పెట్టిన ఒక కాగితం.

నీటిమట్టం

ఆ కాగితంలో వాన కూడా ఉండాలి. కదలిక ఏమీ లేకపోయినా, ఒక హద్దు దాటి వాన కురిస్తే ఆ ఫేస్ కింద పని ఉండకూడదు.

లెవెల్ బుడగ

నిన్న యాజమాన్యంతో కూర్చున్నాం. ఒక్క అంకె ఇవ్వలేనని చెప్పి, దాని బదులు కాగితం రాశాను. తీగ దగ్గర రోజు కదలిక గత వారం సగటుకు రెట్టింపైతే ఆ ఫేస్ కింద లోడింగు ఆపి, కొలతలు గంటకొకసారి. వరుసగా మూడు కొలతల్లో వేగం పెరిగితే మనుషులు, యంత్రాలు రెండూ బయటకు, నిర్ణయం మేట్‌ది. వాన హద్దు దాటినా అంతే. నెర్రెలు పూడ్చడం మొదలైంది, కడ్డీలను మాత్రం వదిలేశారు. డంపర్ల దారిని ఎదుటి గోడ వైపు మార్చారు, దానితో ట్రిప్పు దూరం పెరిగిందని టిప్పర్ల కాంట్రాక్టరు అలిగాడు. పై మట్టి బెంచీని వెనక్కి కోసి వాలు తగ్గించాలని కూడా అడిగాను, ఆ ఖర్చు గురించి ఇంకా ఆలోచిస్తున్నారు. రాత్రి పని విషయం తేలలేదు, ఫ్లడ్ లైట్లు పెట్టిస్తామంటున్నారు.

శిథిల శిల

కోయడం పైనుంచే మొదలుపెట్టించండి, వాలు అడుగున, అంటే కాలి దగ్గర, ఒక్క బకెట్ మట్టి కూడా తీయనివ్వకండి. కాలి దగ్గర తీస్తే ఇప్పుడు దాన్ని పట్టి ఉంచుతున్నదే పోతుంది.

బొగ్గుబాయి పాతకాపు

ఫ్లడ్ లైటు వెలుగులో ఫేస్ మీద కొత్త పగులుకూ పాత నీడకూ తేడా తెలియదు, రాలే చిన్న రాళ్లూ కనిపించవు. పెద్దది పడే ముందు చిన్న పెళ్లలు రాలడమే చాలాసార్లు చివరి హెచ్చరిక. రాత్రి క్రషర్‌కు కావలసిన రాయిని పగలే స్టాకు యార్డుకు తోలించుకుని, ఆ ఫేస్ కింద చీకటి పడ్డాక లోడింగు పెట్టవద్దని ఆ కాగితంలోనే రాయించండి.

లెవెల్ బుడగ

యార్డులో ఒక రాత్రికి సరిపడా రాయికి చోటు ఉంది. ఆ వాక్యం చేర్చి మళ్లీ సంతకానికి పంపుతున్నాను.